ముహూర్తం రాత్రి 2.17కి, పిల్లలేమో హోటల్ గదిలో

నిజాంపేట నుంచి ఒక తల్లి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. సంగతి క్లుప్తంగా ఇది. పాపకి 11 ఏళ్ల 8 నెలలు, బాబుకి ఏడేళ్లు. పంద్రాగస్టు సెలవులకి కలిసొచ్చేలా విశాఖపట్నంలో ఆవిడ భర్త మేనత్తగారి అబ్బాయి పెళ్లి. ముహూర్తం రాత్రి 2.17కి. వీళ్లకి ఇచ్చిన హోటల్ గదికీ కల్యాణ మండపానికీ నడుమ 4 కిలోమీటర్లు. పిల్లలు పదింటికల్లా నిద్రపోతారు కాబట్టి గదికి తాళం వేసుకుని వెళ్లి, మూడున్నరకి తిరిగి వచ్చేద్దామన్నది భర్త ఆలోచన. పదేళ్లప్పుడే తను తణుకు నుంచి భీమవరానికి ఒక్కడే బస్సులో వెళ్లేవాడినని ఆయన వాదన. ‘నిద్రపోయే పిల్లలకి కాపలా ఏమిటమ్మా’ అని అత్తగారు. మామగారు పెళ్లికొడుక్కి మేనమామ, పీటల దగ్గర ఉండి తీరాలి.

పెళ్లయ్యాక అక్కణ్ణుంచే తిరుపతి ప్రయాణం. 300 రూపాయల దర్శనం టికెట్లు ఇద్దరికే తీసుకున్నారు. క్యూలో నిలబడలేరని పిల్లల్ని కొండమీద గదిలోనే ఉంచాలనుకున్నారు. పాపేమో ‘తమ్ముణ్ణి నేను చూసుకుంటాగా, నేనింకా చిన్నపిల్లనా?’ అంటోంది. తోటికోడలి కూతురు, పదమూడేళ్లది, రోజూ సాయంత్రాలు ఇంట్లో ఒంటరిగానే ఉంటుందట. ఈవిడ మాత్రం పాపని ఇంతవరకూ ఇరవై నిమిషాలకి మించి వదల్లేదు. ‘ఏ వయసు నుంచి వదలొచ్చో ఒక్క మాట రాయండి, అది మా ఆయనకి చూపిస్తాను’ అని ఉత్తరం ముగించారు.

అమ్మా, ఆ ఒక్క మాట నా దగ్గర లేదు. చట్టం దగ్గరా లేదు. ఇన్నేళ్లు నిండితేనే పిల్లల్ని ఒంటరిగా వదలాలని మన దేశంలో ఏ చట్టమూ అంకె వేసి చెప్పలేదు. 2015 నాటి బాల న్యాయ చట్టంలో 75వ సెక్షన్ ఒకటుంది. బిడ్డ బాధ్యత చూడాల్సినవాళ్లే కావాలని నిర్లక్ష్యం చేసి ఆ బిడ్డని కష్టానికి గురిచేస్తే మూడేళ్ల వరకూ జైలు, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ అంటుంది. పెళ్లికెళ్లిన అమ్మానాన్నల కోసం రాసిన సెక్షన్ కాదది. కాకపోతే జరగరానిది జరిగిన రోజున దాని ముందు నిలబడాల్సింది మీ ఇద్దరే. బయటి దేశాల సంగతికొస్తే, న్యూజిలాండ్‌లో 14 ఏళ్లలోపు పిల్లల్ని తగిన ఏర్పాటు లేకుండా వదిలి వెళ్లడం నేరం. బ్రిటన్ చట్టంలో అంకె లేదు గానీ, అక్కడ పిల్లల రక్షణ చూసే ఎన్‌ఎస్‌పీసీసీ అనే సంస్థ 12 లోపు వాళ్లని ఎక్కువసేపు, 16 లోపు వాళ్లని రాత్రంతా వదలొద్దని సలహా ఇస్తుంది. కావాలంటే మీవారికి ఇవి చూపించండి. ‘అది బ్రిటన్, ఇది విశాఖ’ అని కొట్టిపారేస్తారనే నా అనుమానం.

అందుకని వయసు కాసేపు పక్కన పెట్టి, వేరే లెక్క వేద్దాం. పాప ఫోన్ చేసిన క్షణం నుంచి మీరు ఆ గది తలుపు ముందు నిలబడేదాకా ఎన్ని నిమిషాలు పడుతుంది? ప్రయాణంలో నేను వేసుకోమనే లెక్క ఇదొక్కటే. ఐదు నిమిషాల్లోపైతే పదకొండేళ్ల పిల్ల చాలామట్టుకు ఉండగలదు. పావుగంట దాటితే వయసు ఎంతన్నది నిజంగా ముఖ్యమవుతుంది. అరగంట దాటిందంటే, లేదా అసలు మీకు ఫోనే అందదంటే, ఆ పిల్ల ఎంత చురుకైనదైనా సరే, మీరు ఊళ్లో లేనట్టే.

ఇప్పుడు పెళ్లి రాత్రి చూడండి. కాగితం మీద 4 కిలోమీటర్లంటే పది నిమిషాలు. అర్ధరాత్రి రెండింటికి అంత తేలిగ్గా కాదు. ఫోన్ మీ చేతిలో ఉండదు, నగల పర్సులో ఉంటుంది, ఆ పర్సు ఇంకెవరి ఒళ్లోనో ఉంటుంది. గట్టిమేళం వాయిస్తుంటే పక్కవాళ్ల మాటే వినపడదు, ఇక రింగు ఏం వినపడుతుంది? మూడో కాల్‌కి చూసుకుని, మీవారిని వెతికి, కారు ఉన్నవాళ్లని పట్టుకుని, పెళ్లి వాహనాల మధ్యలోంచి ఆ కారు బయటికి తీయించి బయల్దేరేసరికి అరగంట. శ్రావణమాసం కదా, వానొస్తే ఇంకాస్త. అలాగే మూడున్నరకి తిరిగొస్తామన్న మాటా నిలబడదు. తాళికట్టు, తలంబ్రాలు, అక్షింతలు, ఫొటోలు అయ్యేసరికి నాలుగున్నర.

పైగా పిల్లలు నిద్రపోతూనే ఉంటారన్న నమ్మకం మీద కట్టిన ఏర్పాటిది. కొత్త చోట పిల్లల నిద్ర అంత గాఢంగా ఉండదు. ఏడేళ్లవాడు మూత్రానికి లేచి అమ్మ లేదని చూస్తే ఇంట్లోనైతే హాల్లోకి వస్తాడు. హోటల్లో గది తలుపు తీసుకుని వరండాలోకి వస్తాడు. వెనకాల తలుపు దానంతటది మూసుకుని లాక్ పడుతుంది. తాళంచెవిలా పనిచేసే కార్డు లోపల, వాడు బయట. రెండు వైపులా ఒకేలాంటి తలుపులు, ఏది తమ గదో తెలియదు. లోపల అక్క నిద్రలో ఉంది. ఎక్కువసార్లు జరిగేది ఇదే. దొంగలూ, కిడ్నాపులూ మనం ముందు ఊహిస్తాం గానీ, మూసుకుపోయిన తలుపే ఎక్కువగా ఇబ్బంది పెడుతుంది.

తలుపుల గురించే ఇంకాస్త చెప్పాలి. మీ ఉత్తరంలో ‘గదికి తాళం వేసుకుని’ అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. కార్డు తలుపైతే బయటినుంచి లాక్ పడినా లోపల పిడి తిప్పితే తెరుచుకుంటుంది. పాత లాడ్జిల్లో గడియపెట్టి కప్పతాళం వేసే తలుపులుంటాయి, అది వేస్తే లోపలివాళ్లు బయటికి రాలేరు. మిగతా విషయాల్లో మీ ఇష్టం మీది. ఇక్కడ మాత్రం రెండో మాట లేదు: పిల్లలు లోపల ఉండగా బయట కప్పతాళం వేయకూడదు, పది నిమిషాలకైనా సరే. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో అంటుకున్న మంటల పొగ పైనున్న లాడ్జిలోకి కమ్ముకుని ఎనిమిది మంది చనిపోయారు. మంట చేరకముందే పొగ చేరుతుంది.

దీనికి తిరగేసిన చిక్కు ఇంకొకటి. పాపకి జాగ్రత్తలు గట్టిగా నూరిపోస్తే లోపల గడియా, గొలుసూ రెండూ పెట్టుకుని పడుకుంటుంది. మీ దగ్గర కార్డున్నా తలుపు రాదు. రిసెప్షన్ వాళ్ల మాస్టర్ తాళం గడియని తీయగలదేమో గానీ, గొలుసుని తీయలేదు. అందుకని పిల్లలు లోపలుంటే ఆటోమేటిక్ లాక్ ఒక్కటే చాలు, గొలుసు వద్దు. ఇంకో చిన్న సంగతి అందరూ మరిచేది: తలుపు పక్కన కార్డు గుచ్చే పెట్టె ఉంటుంది చూడండి, ఆ కార్డు తీసుకుని మీరు వెళ్లిపోతే కాసేపటికి గదిలో లైట్లూ ఏసీ ఆరిపోతాయి. చీకట్లో పిల్లాడు లేస్తే ఇక చెప్పక్కర్లేదు. గది తీసుకునేటప్పుడే రెండో కార్డు అడిగి తీసుకోండి.

సరే, పెళ్లి రాత్రికి మీ ముందున్న దారులేమిటి?

పిల్లల్ని మండపానికే తీసుకెళ్లడం మొదటిది. మీరు మగపెళ్లివారు, అందులోనూ మేనమామ ఇంటివాళ్లు, విడిదిలో ఒక గది అడిగితే కాదనే ధైర్యం ఎవరికీ ఉండదు. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా ఇద్దర్నీ పడుకోబెట్టండి, రాత్రి ఎనిమిదికల్లా అన్నం పెట్టండి, పట్టుబట్టలు విప్పి నూలు బట్టలు వేయండి. రెండు దుప్పట్లు, దోమలకి రాసే క్రీము, మంచినీళ్ల సీసా తీసుకెళ్లండి. మేళం వినపడని వైపు గది చూసుకోండి. ఇబ్బంది ఏమిటంటే విడిది గది అంటే సత్రం. చీర మార్చుకునేవాళ్లూ, సంచులు పెట్టేవాళ్లూ, తెలియని మగవాళ్లూ వస్తూ పోతూ ఉంటారు. అక్కడ కూడా మనిషి ఒకరు కూర్చోవాల్సిందే. కాకపోతే పీటలకీ ఆ గదికీ దూరం అరనిమిషం కాబట్టి వంతులు వేసుకోవచ్చు. మర్నాడు పిల్లలు చిరచిరలాడతారు, అది భరించాలి.

మీలో ఒకరు గదిలో ఉండిపోవడం రెండోది. సాయంత్రం ఎదుర్కోలుకి అందరూ కలిసి వెళ్లి, అందరికీ కనపడి, భోజనాలు చేసి పదింటికి వచ్చేయండి. ఆ తర్వాత ఒంటిగంటకి ఒకరే వెళ్లండి. సాధారణంగా ఇలాంటప్పుడు ఉండిపోయేది తల్లే. ఆవిడే మర్నాడు ‘కోడలు ముహూర్తానికి లేదు’ అన్న మాట పడుతుంది. నన్నడిగితే మీవారిని ఉండమనండి. నిద్రపోయే పిల్లలకి కాపలా అక్కర్లేదన్నది ఆయన సిద్ధాంతం కదా, వాళ్ల పక్కన తనూ నిద్రపోవడం పెద్ద కష్టమేమీ కాదు. మేనమామ కొడుకు ముహూర్తానికి లేకపోతే ఎలా అని వాళ్లు గట్టిగా పట్టుపడితే మీరు ఉండండి, కానీ ఆ సంగతి అత్తగారికి నాలుగు రోజుల ముందే చెప్పి, ఒప్పుకున్నాక బయల్దేరండి. అర్ధరాత్రి హోటల్ గదిలో తేల్చుకోవాల్సిన విషయం కాదది.

ఒక పెద్ద మనిషిని పిల్లల దగ్గర ఉంచడం మూడోది. ఆ పెళ్లికొచ్చే చిన్నపిల్లల తల్లులందరిదీ మీ అవస్థే. ఇద్దరు ముగ్గురు కలిసి పిల్లలందర్నీ ఒకే గదిలో పడుకోబెట్టి, వంతులవారీగా ఒకరు ఉంటే అందరికీ సగం పెళ్లి దక్కుతుంది. అయితే ఎవరిని ఉంచుతున్నారో చూసుకోండి. హైదరాబాద్‌లో మీ ఇంట్లో పిల్లల్ని వదిలి వెళ్లేంత నమ్మకం ఎవరి మీదుందో వాళ్లని మాత్రమే. ‘నేనుంటాలే, మీరు వెళ్లండి’ అని అప్పటికప్పుడు ముందుకొచ్చిన దూరపు బంధువుని కాదు. పిల్లలపై లైంగిక నేరాలకి పెట్టే పోక్సో కేసుల్లో నిందితులు ఎక్కువమంది బిడ్డకి ముందే తెలిసినవాళ్లే. పెళ్లిళ్లలో ఈ మాట నోటితో అనడం కష్టం, మనసులో పెట్టుకుని నడుచుకోవడం కష్టమేమీ కాదు. తోటికోడలి కూతుర్ని తోడుంచుదామన్న ఆలోచన కూడా మీకు రావచ్చు. పదమూడేళ్ల పిల్ల వస్తే గదిలో పిల్లలు ముగ్గురవుతారు, పెద్దవాళ్లు మాత్రం సున్నానే.

నాలుగో దారి డబ్బుతో కూడినది. ఆ హోటల్ గది వదిలేసి, మండపానికి ఆనుకుని ఉన్న లాడ్జిలో ఆ ఒక్క రాత్రికి మీ ఖర్చుతో గది తీసుకోవడం. దూరం నాలుగు నిమిషాలకి తగ్గుతుంది. ప్రతి అరగంటకీ ఒకరు వెళ్లి చూసిరావచ్చు. అలా చూసిరావడం జరుగుతుందా అన్నదే ప్రశ్న. ‘నువ్వు వెళ్లావనుకున్నాను’ అని ఇద్దరూ అనుకునే అవకాశం ఎక్కువ. పేర్లూ సమయాలూ ముందే పంచుకుని ఫోన్లో అలారం పెట్టుకుంటేనే దీనికి అర్థం ఉంది. గది ఒకటి రెండు అంతస్తుల్లో, మెట్లకి దగ్గరగా, బాల్కనీ లేకుండా అడగండి. బాల్కనీ ఉంటే తలుపు గడియ పైనుండాలి, కుర్చీ లోపలికి తెచ్చేయాలి. బాత్రూం గడియ ఒకసారి మీరే వేసి తీసి చూడండి, పాత గడియలు బిగుసుకుపోతాయి. గీజర్ ఆపేయండి, కెటిల్ తీసి అల్మరా పైన పెట్టండి. గ్రిల్ గేటు లాగే పాత లిఫ్టయితే పిల్లలు దాని జోలికి పోకూడదని చెప్పండి. గది నుంచి మెట్లకి ఎన్ని తలుపులో పాప చేత లెక్కపెట్టించండి. పొగలో బోర్డులు కనపడవు, చేతికి తగిలిన తలుపుల లెక్కే గుర్తుంటుంది. వరండాలోనే పొగ నిండి ఉంటే మాత్రం బయటికి రాకూడదు: తలుపు మూసి, తడి తువ్వాలు కింద సందులో కుక్కి, 112కి ఫోన్ చేసి, కిటికీ దగ్గర ఉండాలి.

ఇక మీవారు చెప్పిన దారి, 4 కిలోమీటర్ల దూరంలో ఇద్దర్నీ వదలడం. అది నేను చెప్పను. పాప చిన్నదని కాదు. పదకొండేళ్ల పిల్ల తనొక్కతీ గదిలో ఉండటం వేరు, ఏడేళ్లవాణ్ణి కాయడం వేరు. తన ఒక్కదానికే భయమేస్తే ఫోన్ చేస్తుంది. తమ్ముడు ఏడుస్తుంటే, వాంతి చేసుకుంటే, తలుపు తీసుకుని పోతే, వాడి వెంట పరిగెత్తాలా, ఫోన్ చేయాలా, గదిలోనే ఉండాలా అన్నది పెద్దవాళ్లకే చప్పున తోచదు. ఏదైనా అయితే ‘నేను చూసుకుంటానన్నాను’ అన్నది ఆ పిల్ల జీవితాంతం మోస్తుంది.

తిరుమల విషయంలో పెద్దగా తర్కించాల్సిన పనిలేదు. దర్శనం క్యూలోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు, ముందే అప్పగించాలి. లోపలికి వెళ్లాక ఎంతసేపు పడుతుందో రద్దీని బట్టి ఉంటుంది, మధ్యలో బయటికొచ్చి చూసిపోవడం కుదరదు. నా లెక్క ప్రకారం మీరు ఊళ్లో లేనట్టే. అసలు మీరు పిల్లల్ని వదలక్కర్లేదు కూడా: 300 రూపాయల దర్శనానికి 12 ఏళ్లలోపు పిల్లలు టికెట్ లేకుండానే తల్లిదండ్రులతో వెళ్లొచ్చు. పాపకి ఇంకా నాలుగు నెలలుంది. వయసు అడిగితే చూపించడానికి ఆధార్ దగ్గరుంచుకోండి. క్యూలో నిలబడలేరన్నది పెళ్లిలో నిద్ర చెడటం వల్ల వచ్చే సమస్య, కాబట్టి పెళ్లికీ దర్శనానికీ మధ్య ఒక పూర్తి రాత్రి నిద్ర పడేలా చూసుకోండి.

రైలు గురించి మీరు అడగలేదు గానీ దారిలో తగులుతుంది. స్టేషన్లో రైలు ఆగినప్పుడు టిఫిన్‌కని పెద్దవాళ్లు ఇద్దరూ దిగకండి. ఒకరు దిగితే ఒకరు పిల్లల దగ్గర. రైల్లో సాయానికి 139, పిల్లల కోసమైతే 1098.

ఇప్పుడు పాప సంగతి. ‘నేనింకా చిన్నపిల్లనా’ అన్న ప్రశ్నకి ‘అవును, చిన్నదానివే’ అంటే అబద్ధం, ‘కాదు’ అంటే ప్రమాదం. ప్రయాణానికి ఇంకా నెల ఉంది కదా, ఆ నెలని వాడుకోండి. మొదటి వారం మీరు బాబుని వెంటబెట్టుకుని కిరాణా కొట్టుకి వెళ్లి పావుగంటలో రండి, పాప ఒక్కతే ఇంట్లో. రెండో వారం నలభై నిమిషాలు, అదీ చీకటి పడ్డాక. మూడో వారం తమ్ముడితో కలిపి ఒక పావుగంట. ఇద్దరూ కొట్టుకున్నారా లేదా తర్వాత విడివిడిగా అడగండి, ఒక్కళ్లని అడిగితే సగమే తెలుస్తుంది. ఒకరోజు ఆమెకి చెప్పే మెయిన్ స్విచ్ ఆపేసి టార్చి ఎక్కడుందో వెతకమనండి.

మధ్యమధ్య మాటల్లో ప్రశ్నలు వేయండి. ‘డెలివరీ అతను తలుపు కొడుతూనే ఉన్నాడు, ఏం చేస్తావు?’ ‘ఎవరో వచ్చి మీ నాన్నకి దెబ్బ తగిలింది, అమ్మ నిన్ను తీసుకురమ్మంది అన్నారు, వెళ్తావా?’ దీనికోసం ఇంట్లోవాళ్లకే తెలిసిన ఒక గుర్తుమాట పెట్టుకోండి, ఏ ఊరగాయ పేరైనా సరే. ఆ మాట చెప్పలేనివాళ్లతో కదలకూడదు. ప్రతి ప్రశ్నకీ పాప మొదటి జవాబు ‘నీకు ఫోన్ చేస్తా’ అనే వస్తుంది. మంచిదే. ‘నేను ఎత్తలేదు, అప్పుడు?’ అని అడగండి. దానికి చెప్పే రెండో జవాబులోనే పిల్ల సిద్ధంగా ఉందో లేదో తెలుస్తుంది. మీ ఇద్దరి నంబర్లూ ఫోన్ చూడకుండా చెప్పగలగాలి. ఇంత చేశాక కూడా మీరు గుమ్మం దాటగానే ఐదుసార్లు ఫోన్ చేస్తోందంటే, ధైర్యం నోటిలోనే ఉందన్నమాట. ఇంకో ఆర్నెల్లు ఆగొచ్చు.

మీవారి బస్సు ప్రయాణాన్ని కాదనకండి, అది నిజమే అయ్యుంటుంది. ఆ బస్సులో కండక్టర్‌కి వాళ్ల నాన్నగారు తెలిసే ఉంటారు, భీమవరంలో దిగేచోట మనిషి నిలబడి ఉండే ఉంటారు. దారిలో ఎవరు కాపు కాశారో అడిగి చూడండి, ఆయనే నాలుగు పేర్లు చెబుతారు. విశాఖ హోటల్లో మూడో అంతస్తు వరండాలో అలా చెప్పడానికి ఎవరి పేరుందో ఆ తర్వాత అడగండి.

పెళ్లి రాత్రికి కాదన్నా, ఆ ప్రయాణంలోనే పాపకి ఒక అవకాశం ఇవ్వండి. మర్నాడు పొద్దున బాబుని తీసుకుని మీరిద్దరూ కిందికి టిఫిన్‌కి వెళ్లండి, పాప ఇంకో ఇరవై నిమిషాలు గదిలో ఉండి స్నానం చేసి తయారై వస్తుంది. ఇంటర్‌కంలో రిసెప్షన్‌కి ఏ అంకె నొక్కాలో ముందే చూపించండి. మీరు కింద ఉన్నారనీ, పాప పైన ఉందనీ నెమ్మదిగా డ్యూటీ మేనేజర్ ఒక్కరికే చెప్పండి, కౌంటర్ దగ్గర పదిమందికి వినపడేలా కాదు. పిల్లలు ఒంటరిగా ఉండకూడదన్న నియమం వాళ్ల హోటల్‌కి ఉంటే ఆయనే చెబుతారు. రెండో కార్డు పాప చేతికివ్వండి, తలుపు వేసుకుని తనే కిందికి వస్తుంది.